ఇరుసు బేరం

మా వైపు వేసవి వచ్చిందంటే రైతుకి పెళ్లిళ్లు ఒక పక్క, గత్తం ఒక పక్క. ఏరువాక పున్నమి వచ్చేలోపు సాల వెనకున్న గత్తమంతా, అంటే పశువుల ఎరువంతా, చేలో కుప్పలు పడాలి. ఒకప్పుడు ఇంటింటా బండీ ఎడ్లూ ఉండేవి కనక ఎవరి గత్తం వాళ్లు తోలుకునేవారు. ఇప్పుడు ఊరు మొత్తానికి నాలుగైదు ట్రక్కులు, అందరికీ అవసరం ఆ పదిహేను రోజుల్లోనే. ట్రక్కంటే ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి. కాగితాల్లో ట్రెయిలర్ అని రాస్తారు, కొన్ని జిల్లాల్లో ట్రాలీ అంటారు. మాకు ట్రక్కే. ఈ పూట నేనూ ట్రక్కనే అంటాను.

రెండేళ్ల కిందట మా ఇంట్లో ట్రాక్టరుంది, ట్రక్కు లేదు. అద్దె ట్రక్కు కోసం ఒకాయన ఇంటి చుట్టూ నాలుగు రోజులు తిరిగాను. ఐదో రోజు మా బావ కబురు తెచ్చాడు. కాలవ పని చేసిన ఒక కాంట్రాక్టరు పని ముగించుకుని వెళ్లిపోతున్నాడట, మిగిలిన సామానంతా అమ్మేస్తున్నాడట, అందులో రెండు చక్రాల ట్రక్కొకటి ఉందట. వెళ్లి చూశాం. నీలం రంగు, కొత్తగా వేసింది, ఎండలో మెరిసిపోతోంది. బావ పక్క రేకు మీద అరచేత్తో రెండు చరుపులు చరిచి, "దళసరి రేకే బావా" అన్నాడు. నేను వెనక తలుపు తీసి వేశాను. టైరుని కాలితో తన్నాను. టైరుని తన్నితే ఏం తెలుస్తుందో నాకు ఇప్పటికీ తెలీదు గాని, బండి కొనేవాళ్లందరూ తంతారు కదా. తుక్కు ధర కంటే కాస్త పైన బేరం కుదిరింది. ఇంటికి తెచ్చుకున్నాం.

మా ఊరు బొబ్బిలికీ సాలూరుకీ మధ్యన. చిన్న రిపేరుంటే బొబ్బిలి, పెద్ద రిపేరుంటే సాలూరు. వెనక తలుపు గొళ్లెం ఒకటి సరిగ్గా పడటం లేదని, అదొక్కటీ వెల్డింగ్ పెట్టిద్దామని సాలూరు తీసుకెళ్లాను. అక్కడి మేస్త్రి వయసు అరవై దాటి ఉంటుంది. గొళ్లెం వైపు చూడనేలేదు. షెడ్డులోంచి ఒక గోనెసంచి తెచ్చి నేల మీద పరుచుకుని, ట్రక్కు కిందకి దూరాడు. లోపల్నించి సుత్తితో టంగు టంగుమని నాలుగు దెబ్బలు వినపడ్డాయి. ఐదో దెబ్బ టంగుమనలేదు, డబ్బుమంది. బయటికొచ్చి చేతులు దులుపుకుంటూ అడిగాడు.

"ఏటి బాబూ, తొట్టి కొన్నారా, ఇరుసు కొన్నారా?"

ఇవాళ నేను చెప్పేదంతా ఆ ప్రశ్నకి నా జవాబే.

ముందు సాలూరు గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఉత్తరాంధ్రలో వాళ్లకి తెలుసు, మిగతా శ్రోతలకి తెలియకపోవచ్చు. 2022 ఏప్రిల్ దాకా విజయనగరం జిల్లాలో, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న ఈ ఊరు లారీల ఊరు. పాత 43వ నంబరు జాతీయ రహదారి, ఇప్పటి 26వ నంబరుది, ఇక్కడినించే ఘాటీ ఎక్కి కొరాపుట్ వైపు పోతుంది. ఆ దారమ్మట సరుకు తోలుతూ, లారీ కొనేవాడు, నడిపేవాడు, బాడీ కట్టేవాడు, కమాను పట్టీలు కొట్టేవాడు, టైరు అతికేవాడు అందరూ ఒకే ఊళ్లో పోగయ్యారు. ఘాటీ దిగిన లారీ అడుగుభాగం ఎంత అరుగుతుందో ఈ మేస్త్రీలకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కాలం చెల్లిన లారీ తుక్కుకి పోయేటప్పుడు దాని ఇరుసు, హబ్బులు, కమాన్లు మాత్రం తుక్కులో పడవు. ఏదో ఒక ట్రక్కు కిందకి చేరతాయి. నేను కొన్న నీలం రంగు ట్రక్కు కింద ఉన్నదీ ఒకప్పటి లారీ ఇరుసేనట. మా మేస్త్రి ముట్టుకుని చెప్పాడు.

ఇప్పుడు కిందకి దూరదాం.

ట్రక్కు మొత్తంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ముక్కు దగ్గరున్న రింగు. ట్రాక్టరు హుక్కులో ఈ రింగు పెట్టి, పైనించి పిన్ను దింపుతాం. పూర్తి బరువుతో ఉన్న ట్రక్కుని లాగేదీ, ఆపేదీ, పక్కకి తిప్పేదీ ఆ పిడికెడు ఇనుమే. గుంట పడినప్పుడల్లా పిన్ను రింగుని లోపలి వైపు తింటుంది. గుండ్రంగా ఉండాల్సిన కన్నం కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. మా రింగు ఒక పక్క సగానికి సగం అరిగిపోయి ఉంది. దాని మీద కూడా నీలం రంగు వేశారు. అరిగిన రింగు మీద వెల్డింగు కరిగించి పోసి లావు చేసేవాళ్లున్నారు. మేస్త్రి ఒప్పుకోలేదు. కోసేసి కొత్త రింగు పెట్టాడు. పిన్నుకి కింద క్లిప్పు లేకపోతే గతుకుల్లో పిన్ను పైకెగిరి ట్రక్కు విడిపోతుంది. ఆ క్లిప్పు ఖరీదు రెండు టీల డబ్బులు. అయినా మన ఊళ్లలో సగం ట్రక్కులకి ఆ స్థానంలో ఇనప తీగో, గుడ్డ పేలికో, మేకో కనిపిస్తుంది. దాంతోపాటు రింగుకి పక్కగా ఒక గొలుసు కూడా కట్టించాను. రింగు తెగినా, పిన్ను పోయినా ట్రక్కు ట్రాక్టరుని వదిలి తనదారిన తను పోకుండా.

డబ్బుమన్న ఐదో దెబ్బ ఎక్కడిదంటే, రింగు నించి తొట్టి కిందకి వెళ్లే ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం ఆకారపు ఛానెళ్లు ఉంటాయే, అవి అడ్డదూలాన్ని కలిసే చోటుది. బాగున్న ఇనుము మీద సుత్తి పడితే గంటలా మోగుతుంది. పగులున్నా, లోపల తుప్పు తిన్నా మొద్దుగా పలుకుతుంది. కుండ కొనేటప్పుడు మన ఆడవాళ్లు వేలితో కొట్టి చూస్తారు చూడండి, అదే విద్య. రంగు గీకితే జానెడు పొడవున పగులు. దానికి ముందెవరో ఒకసారి వెల్డింగు పెట్టారు, అది మళ్లీ దాని పక్కనే పగిలింది. మేస్త్రి పగులు చివర చిన్న కన్నం వేసి, పగులుని గ్రైండరుతో వి ఆకారంలో తెరిచి, నిండా వెల్డింగు నింపి, పైన వజ్రాకారపు పట్టీ వేశాడు. కన్నం ఎందుకంటే, పగులు చివర సూదిమొనలా ఉంటే అక్కడినించి ఇంకా పాకుతుంది. గుండ్రటి కన్నం దగ్గర ఆగుతుంది. వజ్రాకారం ఎందుకంటే, పట్టీ అంచు దూలానికి అడ్డంగా నిలువుగీతలా ఉంటే బలమంతా ఆ గీత మీదే పడి మళ్లీ అక్కడే విరుగుతుంది.

వెల్డింగు మాటొచ్చింది కాబట్టి మూడు సంగతులు. మేస్త్రి నా చేత అప్పచెప్పించుకున్నంత పని చేశాడు వీటిని. కమాను పట్టీకి వెల్డింగు పెట్టకూడదు. దాని సత్తువంతా దానికి పట్టించిన పదునులో ఉంటుంది, వేడి తగలగానే పదును పోతుంది, విరిగిన ఆకుని మార్చుకోవడమే దారి. టైరు ఉండగా రిమ్ముకి వెల్డింగు పెట్టకూడదు. లోపలి గాలి వేడెక్కి టైరు బాంబులా పేలి మనుషులు పోయిన సందర్భాలున్నాయి. ఇక ఎర్తు క్లాంపు వెల్డింగు పెట్టే చోటుకి పక్కనే తగిలించాలి. తొట్టి మీద వెల్డింగు పెడుతూ క్లాంపు చక్రానికి తగిలిస్తే కరెంటు బేరింగుల్లోంచి పోయి, వాటి నున్నటి మొహం మీద చుక్కలు చుక్కలుగా కాలుస్తుంది. బేరింగు ఎందుకు పోయిందో ఆరు నెలల తరవాత ఎవరికీ అర్థం కాదు.

ఇరుసు దగ్గరికొచ్చేసరికి మేస్త్రి ఒక పురికొస తీశాడు. రింగు మధ్యనించి ఎడమ హబ్బు దాకా కొస పట్టి ముడివేశాడు. అదే కొసని కుడి హబ్బుకి పట్టి చూపించాడు. రెండు వేళ్ల తేడా. అంటే ఇరుసు వంకరగా కూర్చుంది. ట్రక్కు ట్రాక్టరు వెనక తిన్నగా కాకుండా పీతలా పక్కవాటుగా వస్తుంది. టైర్లు ఒక అంచునే అరుగుతాయి, డీజిలు ఊరికే ఖర్చవుతుంది. యూ బోల్టులు వదులు చేసి, ఇరుసుని జరిపి, కొస రెండు వైపులా సరిపోయాక బిగించాడు. యంత్రం లేదు, మీటరు లేదు, ఒక పురికొస. ఇది మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు. ట్రక్కు కొనడానికి వెళ్లినప్పుడు జేబులో పురికొస పెట్టుకెళ్లండి. అమ్మేవాడి మొహం మారిపోవడం కూడా చూడొచ్చు.

హబ్బు విప్పితే లోపల గ్రీజు లేదు. నల్లటి తారులాంటిదేదో ఉంది. మా పెదనాన్న బతికుంటే తిట్టేవాడు. ఆయన రోజుల్లో బండి కింద వెదురు గొట్టంలో కందెన వేలాడుతూ ఉండేది. గడ్డి కాల్చిన మసి, ఆముదం కలిపి నూరిన కందెన. సంతకి బయల్దేరే ముందు శీల తీసి, చక్రం కొంచెం బయటికి లాగి, ఇరుసుకి కందెన రాసి, మళ్లీ శీల వేసేవాడు. అది మరిచిపోతే చక్రం కీచుమని ఊరందరికీ చెప్పేది. లారీ బేరింగుకి ఆ మంచి గుణం లేదు. అది అరవకుండానే చచ్చిపోతుంది. ఆయిల్ సీలు పోతే గెడ్డ దాటినప్పుడల్లా నీళ్లు లోపలికి పోతాయి. మన పల్లపు పొలాల్లో ట్రక్కు హబ్బు మునిగే నీళ్లలో దిగడం మామూలే కదా.

బేరింగులని కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, వెలుతురుకి పట్టి చూడాలి. రోలర్ల మీద గుంటలున్నా, నీలి ఛాయ ఉన్నా పారేయాల్సిందే. ఆ నీలి రంగు ఒకప్పుడు అది మాడిందనడానికి గుర్తు. కొత్త గ్రీజు బేరింగు పైన పూస్తే చాలదు. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచుతో ఆ ముద్దని కోస్తూ కోస్తూ, రోలర్ల మధ్యనించి అవతలి వైపు ఉబికి వచ్చేదాకా నింపాలి. తరవాత నట్టు బిగింపు. చక్రాన్ని తిప్పుతూ గట్టిగా బిగించి, మళ్లీ కొంచెం వదలాలి. పిన్ను కన్నానికి గాడి సరిపోయేదాకా, అంతే. గట్టిగా ఉంటే మాడుతుంది, వదులుగా ఉంటే ఊగుతుంది. స్ప్లిట్ పిన్ను మాత్రం ఎప్పుడూ కొత్తదే. ఒకసారి వంచిన పిన్నుని మళ్లీ తిన్నగా చేసి వాడితే అది ఏ సందులోనో తెగుతుంది, చక్రం మనకంటే ముందు ఇల్లు చేరుతుంది.

ఇదంతా వింటూ "పాత సామాను కొనడమే తప్పు" అనుకునేవాళ్లుంటారు. నేనలా అనను. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం జీపు వెనక తగిలించడానికి పావు టన్ను ట్రెయిలర్లు చేయించింది. మోసేది 500 పౌన్లు, అంటే మన లెక్కలో సుమారు 225 కిలోలు. చక్రాలు సరిగ్గా జీపు చక్రాలే. ఏది పంచరైనా ఒకే స్పేరు పనికొచ్చేలా. తొట్టిని నీళ్లలో తేలేలా చేసి, అడుగున నీళ్లు వదలడానికి బిరడాలు పెట్టారు. యుద్ధం అయ్యాక అవన్నీ మిగులు సామానుగా అమ్ముడుపోయి అక్కడి పొలాల్లో గడ్డీ గాదమూ మోశాయి. ఇప్పటికీ వాటిని బాగుచేసుకుని వాడేవాళ్లున్నారు. మన దేశంలోనూ యుద్ధం మిగిల్చిన సామాను అమ్మడానికి డిస్పోజల్స్ అని ఒక శాఖే పెట్టారు. పట్నాల్లో "డిస్పోజల్ సామాను" అనే మాట అప్పటినించి వచ్చిందే. ఎవరో పారేసింది ఇంకొకడు బాగుచేసుకుని వాడుకోవడం మనకి కొత్త కాదు. మన రబ్బరు టైరు బండి చూడండి. బెంగాల్‌లోని సాహాగంజ్‌లో డన్‌లప్ కంపెనీ 1936లో టైర్లు చేయడం మొదలుపెట్టింది. చాలా చోట్ల టైరు బండికి డన్‌లప్ బండి అనే పేరు ఆ కంపెనీ నించే వచ్చింది. ఆ తరవాత లారీ నించి విప్పిన పాత చక్రాలు కూడా ఎడ్లబండి కిందకి వచ్చాయి. బెంగళూరు ఐఐఎం తొలి డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి గారు ఏళ్ల తరబడి ఎడ్లబండి మీద పరిశోధన చేసి, దాన్ని బాగుచేసుకుందాం రండి అని పోరాడారు. పెద్ద పెద్ద మేనేజర్లని తయారుచేసే చోట కూర్చుని బండి ఇరుసు గురించి ఆలోచించిన మనిషి ఆయన.

ఆ జీపు ట్రెయిలర్ అడుగున ఉన్న బిరడాల సంగతి నాకు మేస్త్రి పని చూశాకే అర్థమైంది. మా తొట్టి నాలుగు మూలలా తుప్పుతో జల్లెడైపోయింది. ఎందుకంటే నీళ్లు పోయే దారి లేదు. వర్షపు నీళ్లు, తడి గత్తం, ఇసక అన్నీ మూలల్లో చేరి అక్కడే మరుగుతాయి. పాత రేకు కోసేసి, కొత్త రేకు వేసేటప్పుడు మూలకొక బొటనవేలంత కన్నం ఉంచాడు. ధాన్యం పోసేటప్పుడు గోనెపట్టా కప్పుకుంటే సరి. రేకు బదులు మద్ది చెక్క వేయిద్దామా అని అడిగాను. చెక్క మంచిదే, పశువులని ఎక్కిస్తే కాళ్లు జారవు, కాని ఇసక పారతో గీకే వాళ్లకి చెక్క నిలవదన్నాడు. మాది గత్తం, చెరకు, వరి మోపులు. రేకే వేయించాను.

తుప్పు గురించి శ్రీకాకుళం వైపు శ్రోతలకి ప్రత్యేకంగా ఒక మాట. నౌపడ ఉప్పు మోసిన ట్రక్కు ఎంత చవగ్గా వచ్చినా ఒకటికి పదిసార్లు చూడండి. ఉప్పు ఇనుము మీద ఆగదు, అతుకుల్లోకి, రెండు రేకుల మధ్య సందుల్లోకి దూరి కూర్చుంటుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ఇనుము అప్పడాల్లా పొరలు పొరలుగా లేస్తుంది. ఉద్దానంలో సముద్రం గాలి తగిలే ఊళ్లలోనూ ఇదే తంతు. ఛానెల్ కింది అంచుని స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడండి. దిగిందా, బేరం అక్కడితో వదిలేయండి. దిగకపోతే, మంచినీళ్లతో రెండు మూడుసార్లు బాగా కడిగి, ఎండబెట్టి, వైరు బ్రష్షుతో మెరుపు వచ్చేదాకా తోమి, అదే రోజు రెడాక్సైడ్ పూయించండి. రాత్రంతా వదిలేస్తే మంచుకి మళ్లీ ఎర్రటి పొర వచ్చేస్తుంది. కంటికి కనపడే పై రంగు ఏదైనా ఒకటే. మా బావ మాత్రం నీలమే కావాలని పట్టుపట్టాడు.

హైడ్రాలిక్ జాకీతో లేచే తొట్టి అయితే ఒక్క విషయం. తొట్టి ఎత్తి, కింద ఏ దన్నూ లేకుండా దూరకండి. జాకీ గొట్టం చిట్లితే తొట్టి పడటానికి క్షణం పట్టదు. మా మేస్త్రి దగ్గర పాత రైలు స్లీపరు చెక్క ఉంది. అది నిలబెట్టి గాని తల లోపల పెట్టేవాడు కాదు. నలభై ఏళ్లుగా ఈ పని చేస్తూ పది వేళ్లూ ఉన్నవాడిని నేను చూసింది ఆయన్నే.

టైర్ల గోడ మీద నాలుగంకెలు ఒక గడిలో ముద్రించి ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. మా రెండు టైర్లలో ఒకటి నా ట్రాక్టరు కంటే పెద్దది వయసులో. గాళ్లు నిండుగా ఉన్నాయి కదా అని మోసపోయాను, ఎండకి పక్కగోడ అంతా పగుళ్లు. ఏడీవీ అనే అక్షరాలు కనిపిస్తే అది ఎడ్లబండి టైరు, పశువులు లాగే వాహనాలకి చేసింది. ఎద్దు నడకకి సరిపోతుంది, తారురోడ్డు మీద ట్రాక్టరు వేగానికి కాదు. లారీ రిమ్ములకి లాక్ రింగు ఉన్న రకమైతే గాలి మీరు కొట్టకండి. సరిగ్గా కూర్చోని రింగు గాలి నిండాక కత్తిలా లేచివస్తుంది. పంచరు షాపులో చక్రాన్ని ఇనప గొలుసులతో కట్టి, పక్కకి నిలబడి కొడతారు. అలా చేయని షాపుకి వెళ్లకండి.

ఇక కాగితాలు. ఇక్కడే నేను చాలా చికాకు పడ్డాను, తప్పు నాదే. ట్రక్కుకి ట్రాక్టరుతో సంబంధం లేకుండా వేరే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అది విడి వాహనమే. ఛాసిస్ మీద కొట్టిన నంబరు, ఆర్‌సీలో ఉన్న నంబరు ఒకటేనా అని నేను చూడలేదు. రంగు కింద దాగిపోయింది. గీకి చూస్తే ఒకటేనని తేలింది, బతికిపోయాను. పేరు మార్పుకి 29, 30 నంబర్ల ఫారాలు. ట్రక్కు మీద అప్పు ఉంటే బ్యాంకువాళ్లు సంతకం చేసిన 35వ ఫారం కూడా. ప్రభుత్వ శాఖల పాత వాహనాలు వేలానికి వస్తుంటాయి. వాటిలో ట్రక్కుందని తెలిసి పాడుకోవాలనుకునేవాళ్లు ముందుగా రవాణా శాఖ ఆఫీసులో అడిగి వెళ్లండి. 2023 ఏప్రిల్ 1 నించి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకి రిజిస్ట్రేషన్ చెల్లదని కేంద్రం నిబంధన పెట్టింది. అలాంటిది తెచ్చుకుంటే ఇనుముగా తూచుకోవాలి తప్ప రోడ్డెక్కించలేరు. ఇన్సూరెన్సు పాలసీలో ట్రాక్టరుతోపాటు ట్రక్కు నంబరు కూడా రాయించండి. ఇంకొకటి, పెళ్లివారిని, కూలీలని ట్రక్కులో ఎక్కించకండి. అది సరుకు బండి. జరగరానిది జరిగితే పాలసీ ఆ మనుషులకి వర్తించదని కంపెనీ వాదిస్తుంది, కోర్టు చుట్టూ తిరిగేది పోయినవాళ్ల పిల్లలు.

రోడ్డు మాటొచ్చింది. 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట నరసన్నపేట నించి విశాఖపట్నం వైపు వచ్చేవాళ్లెవరినైనా అడగండి. చీకట్లో ముందున్న ట్రాక్టరు ట్రక్కు ఎంత ఆలస్యంగా కనిపిస్తుందో చెబుతారు. ట్రాక్టరుకి వెనక లైట్లుంటాయి, వాటికి అడ్డంగా మన ట్రక్కు ఉంటుంది. అందుకే ట్రక్కుకి వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు, పక్కల పసుపు టేపు, ముందు తెల్ల టేపు. వైరు లాగి రెండు ఎర్ర లైట్లు పెట్టించాను. వరి మోపులు కట్టినప్పుడు అవి వెనకకి వేలాడి లైట్లని కప్పేస్తాయి, అందుకని లైట్లని కిందగా, బంపరు దూలానికి పెట్టించాను. ఈ ఆలోచన నాది. మేస్త్రి మెచ్చుకున్నాడు, అంత సులభంగా మెచ్చుకునేవాడు కాదు.

బరువు ఎలా ఎక్కించాలో చెప్పకుండా వదిలితే పై కష్టమంతా వృథా. రెండు చక్రాల ట్రక్కులో బరువు ఇరుసుకి కొంచెం ముందుకి మొగ్గాలి. కొంత బరువు రింగు ద్వారా ట్రాక్టరు వెనక చక్రాల మీద కూర్చుంటే వాటికి పట్టు వస్తుంది. వెనకకి ఎక్కువైతే ట్రక్కు ట్రాక్టరు వెనక భాగాన్ని పైకి ఎత్తుతుంది, చక్రాలు నేలని పట్టవు, బ్రేకు వేసినా ఆగదు. మరీ ముందుకి ఎక్కువైతే ట్రాక్టరు ముందు చక్రాలు తేలి స్టీరింగు పనిచేయదు. ట్రక్కుని ఎప్పుడూ హుక్కుకే తగిలించాలి. వెనక ఇరుసుకి పైన ఉండే లింకులకి గొలుసు కట్టి లాగితే ట్రాక్టరు గుర్రంలా ముందుకాళ్లు ఎత్తి మనిషి మీదకే తిరగబడుతుంది.

ఇలాంటి ట్రక్కులు చాలావాటికి బ్రేకు ఉండదు. మాకూ లేదు. దిగుడులో నిండు ట్రక్కు ట్రాక్టరుని వెనకనించి తోస్తుంది. ఏ గేరులో గుట్ట ఎక్కామో అదే గేరులో దిగాలి. దిగడం మొదలయ్యాక గేరు మార్చకూడదు. ట్రాక్టరు రెండు బ్రేకు పెడళ్లని కలిపే కొక్కెం ఒకటుంటుంది, పొలంలో అది విప్పి తిరుగుతాం. రోడ్డెక్కేముందు దాన్ని వేసుకోవాలి. ఒక్క పెడలు తొక్కితే ట్రాక్టరు ఒక వైపుకి తిరుగుతుంది, ట్రక్కు రెండో వైపునించి వచ్చి దాన్ని మడిచేస్తుంది.

ఖాళీ ట్రక్కుని ఒకసారి కాటా మీద తూయించుకోండి. రేకులు, పట్టీలు వేశాక ఎంత బరువెక్కిందో నాకు తెలిసింది అలాగే. తరవాత చెరకు కాటా వేసినప్పుడు లెక్కలో తేడా వస్తే నిలబడి మాట్లాడటానికి ఆ చీటీ పనికొస్తుంది.

పని మొత్తం అయ్యేసరికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఏరువాక పున్నమికి ఇంకా మూడు రోజులుంది. ఊళ్లో అప్పటికే అందరి గత్తాలు తోలడం అయిపోయి, మాదొక్కటే మిగిలింది. మొదటి లోడు ఎత్తాం. ట్రాక్టరు మీద బావ, ముందు నేను. గోర్జిలోంచి బయటికి తీసి, గెడ్డ దాటించి, గట్టు మీదకి ఎక్కించాం. రింగు దగ్గర టకటక లేదు. అద్దె ట్రక్కు ఇవ్వకుండా నాలుగు రోజులు తిప్పించిన ఆయన గట్టు మీద నిలబడి ట్రక్కు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. పక్క రేకు మీద అరచేత్తో రెండు చరుపులు చరిచి, "రేకు దళసరిదే" అన్నాడు. తరవాత టైరుని కాలితో తన్నాడు.

నేను వంగి రెండు హబ్బుల మీదా చెయ్యి పెట్టి చూశాను. ఎడమది గోరువెచ్చగా ఉంది. కుడిది చెయ్యి ఆనేలా ఉంది గాని, కొంచెం ఎక్కువే. ఇంటికొచ్చాక కుడివైపు నట్టు ఒక గాడి వదిలి, కొత్త స్ప్లిట్ పిన్ను వేశాం. రెండో లోడుకి రెండూ ఒకేలా ఉన్నాయి.